బోటు పేరు మొదటి పేజీలో రావాలి

చిన్న వ్యాపారం మొదలుపెట్టిన పిల్లలు ఇప్పటికీ నన్ను వెతుక్కుంటూ వస్తారు. వెబ్‌సైట్ ఎలా ఉండాలి, సెర్చ్‌లో పైకి రావాలంటే ఏం చేయాలి అని అడుగుతారు. నేను చెప్పేవి చాలా మామూలు సంగతులు. మీ సరుకును జనం ఏ పేరుతో పిలుస్తారో అదే పేరు పేజీలో రాయండి, మీకు గొప్పగా తోచిన పేరు కాదు. ఊరి పేరుతో ఆగకుండా పేట పేరు కూడా రాయండి. నలుగురు నమ్మే పేజీల నుంచి మీ పేజీకి దారి వేయించుకోండి. వాళ్లు తలూపి, కాఫీ తాగి వెళ్లిపోతారు. ఇంత చిన్న విషయాలు చెప్పడానికి ఈవిడ మధ్యలో ఎందుకు ఆగిపోతుందో వాళ్లకు తెలియదు.

ఇవి నేను ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకోలేదు. ఒక వానాకాలం, కొన్ని వారాలపాటు, భయంతో పనిచేస్తూ నేర్చుకున్నాను.

మాది భీమవరం పక్క పల్లెటూరు. నాన్నకు స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం రావడంతో విశాఖపట్నం వచ్చాం. తొంభైలలో నేను ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ చేసేదాన్ని. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు. ఆ పని తగ్గుతున్న రోజుల్లో ద్వారకానగర్‌లో ఒక మేడమీద వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసు తెరిచారు. అక్షరాలు కూర్చడం వచ్చు కదా అని నన్ను తీసుకున్నారు.

ఆఫీసంటే ముగ్గురమే. యజమాని కృష్ణా జిల్లా మనిషి. అంతకుముందు కంప్యూటర్ కోర్సులు నేర్పే సెంటర్ నడిపి మూసేశాడు. ఎవరు గుమ్మం ఎక్కినా “మొదటి పేజీ గ్యారంటీ” అనేవాడు. ఆ గ్యారంటీ ఎక్కణ్ణుంచి వస్తుందో మాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. పేజీ అడుగున తెల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాట మళ్లీ మళ్లీ రాయించేవాడు. మనిషి కంటికి కనపడదు, సెర్చ్ ఇంజన్‌కు కనపడుతుందని ఆయన లెక్క. కొన్నాళ్లు పనిచేసింది కూడా. తరువాత సెర్చ్ ఇంజన్లు తెలివిమీరి, అలా రాసిన పేజీలను అట్టడుక్కి తోసేశాయి. మూడోవాడు ప్రోగ్రామర్, మల్కాపురం మనిషి. వాళ్ల నాన్న పోర్టులో కళాసీ. నన్ను అక్కా అని పిలిచేవాడు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఫిషింగ్ హార్బర్ రోడ్డులో బోట్ల ఇంజన్లు బిగించి, రిపేరు చేసే షాపాయన ఒకడు మా దగ్గరికి వచ్చాడు. వాళ్లది తరతరాలుగా సముద్రం మీద వేటాడే కుటుంబం. తనూ కొన్నాళ్లు బోటెక్కి, ఇంజన్ల పని నచ్చి గట్టున స్థిరపడ్డాడు. కాకినాడ నుంచీ ఒరిస్సా నుంచీ బోట్లవాళ్లు తనకు ఫోన్ చేస్తున్నారనీ, ఇంటర్నెట్‌లో కనిపిస్తే ఇంకా దూరం నుంచి వస్తారనీ ఆశ.

మా యజమాని ఆయనకు అప్పటి ఫ్యాషన్‌లో ఒక బొమ్మల సైట్ వేయించాడు. తెరవగానే కెరటాలు కదిలేవి, బోటొకటి ఎడమనుంచి కుడికి పోయేది, ఇంజన్ చప్పుడు వినపడేది. షాపాయన ఆ చప్పుడు విని మురిసిపోయాడు. నాకు మాత్రం అందులో చిక్కు కనిపించింది. ఆ కెరటాల్లో ఉన్న ప్రతి మాటా బొమ్మే. సెర్చ్ ఇంజన్ బొమ్మను చదవలేదు. దానికి ఆ సైట్ ఖాళీ గోడతో సమానం. అందుకని లోపల ఒక మామూలు పేజీ చేర్చాను. ఆయన ఇంజన్ బిగించిన బోట్ల ఫొటోలు పెట్టి, ఒక్కోదాని కింద బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, రంగు, ఏ ఊరిదో అన్నీ టైపు చేశాను. ఎవడు వెతుకుతాడండీ ఇవన్నీ అని యజమాని నవ్వాడు. ఎవరూ వెతకరనే నేనూ అనుకున్నాను. పేజీలో నాలుగు అక్షరాలు ఉండాలి కదా అని రాశానంతే.

ఆ ఫొటోల్లో ఒకటి షాపాయన బావ నడిపే బోటు. నీలిరంగు, పసుపు పట్టీ. పేరు ఒక అమ్మవారిది. ఆ తీరంలో అదే పేరున్న బోట్లు డజన్లకొద్దీ ఉంటాయి, నంబరుతోనే తేడా. ఆ ఒక్క ఫొటోలోనే మనుషులు కూడా ఉన్నారు. ముందు భాగాన అయిదుగురు నిలబడి ఎండకు కళ్లు చిట్లించి చూస్తున్నారు. షాపాయన సరదాపడి అడిగితే వాళ్ల పేర్లు కూడా వరసగా రాశాను.

వేసవిలో వేట ఆపే రోజులు అయిపోయి బోట్లన్నీ మళ్లీ సముద్రం మీదికి వెళ్లాయి. కొన్ని వారాలకు వాయుగుండం పట్టింది. రేడియోలో చెప్పగానే చాలా బోట్లు వెనక్కి వచ్చేశాయి. ఆ నీలిబోటు రాలేదు. చివరగా దానితో వైర్‌లెస్‌లో మాట్లాడింది ఇంకో బోటువాళ్లు. ఇంజన్ ఆగిపోయింది అన్న మాట వినిపించిందనీ, ఆ తరువాత గరగరే తప్ప ఏమీ లేదనీ చెప్పారు.

ఆ ఇంజన్ బిగించింది మా షాపాయన.

మాకు ఈ సంగతి ప్రోగ్రామర్ ద్వారా తెలిసింది. అతని బంధువులు హార్బర్‌లో ఉన్నారు. అధికారులకు చెప్పారట, వెతుకుతున్నారట, ఇంకా జాడ లేదట. ఆ రోజు మేం ముగ్గురం పనిచేస్తున్నట్టు నటించాం. మధ్యాహ్నానికి ప్రోగ్రామర్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. బోటు కొట్టుకుపోతే ఒరిస్సా వైపో బెంగాల్ వైపో పోతుందనీ, అక్కడ ఎవరికైనా కనిపిస్తే ఇది ఎవరిదో వాళ్లకు ఎలా తెలుస్తుందనీ అన్నాడు. బోటు మీద పేరూ నంబరూ ఉంటాయి, ఆ పేరు ఎవరైనా కంప్యూటర్‌లో కొడితే మన పేజీ రావాలి, మన పేజీలో ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఉండాలి అన్నాడు.

యజమాని వద్దన్నాడు. ఆయన్ను దుర్మార్గుడనుకోకండి. ఆయన చెప్పిన కారణం నిజమే. ఒకసారి సెర్చ్‌కు ఎక్కిన మాటను దింపడం మన చేతుల్లో ఉండదన్నాడు. రేపు ఎవరైనా విశాఖలో బోటు ఇంజన్ కోసం వెతికితే, ఈ షాపు పేరు పక్కనే “తప్పిపోయిన బోటు” అని కనిపిస్తుంది. ఆ మనిషి బతుకు మనమే కూల్చినట్టవుతుంది అన్నాడు. చివరికి, అడగాల్సింది ఆయన్నే కదా, వెళ్లి అడగండి అని మమ్మల్ని పంపాడు.

వర్షంలో ఆటో ఎక్కి హార్బర్‌కు వెళ్లాం. షాపు షట్టర్ సగం దించి ఉంది. బయట బోటువాళ్ల ఇళ్ల మనుషులు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆ షాపు ముందు అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు, ఎప్పుడూ ఏదో ఒక ఇంజన్ మోగుతూనే ఉండేది. షాపాయన లోపల స్టూలు మీద కూర్చుని ఒక రెంచీని గుడ్డతో తుడుస్తున్నాడు. అది అప్పటికే మెరుస్తోంది. ఆయన పక్కన నేలమీద ఆయన అక్క కూర్చుంది. తప్పిపోయిన బోటు నడిపేది ఆవిడ భర్తే.

ప్రోగ్రామర్ సంగతంతా చెప్పాడు. మా యజమాని చెప్పిన కష్టం కూడా దాచకుండా చెప్పాడు. షాపాయన నా వైపు చూశాడు.

“నా షాపు పేరు కొడితే ఇదే వత్తాదా మేడమ్?”

వస్తుందన్నాను.

“ఎన్నాళ్లు?”

చెప్పలేనన్నాను. ఆయన మళ్లీ రెంచీ తుడవడం మొదలుపెట్టాడు. భయం రెండు వైపులా లాగుతున్న మనిషి ముఖం నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. బావ రాకపోతే ఒక భయం. తన చేతి పని వల్లే రాలేదని లోకమంతా చదువుకుంటుందని ఇంకో భయం.

వాళ్ల అక్క అంతవరకూ మా మాటలు విన్నట్టే లేదు. తలెత్తకుండానే అంది.

“ఏటి ఆలోసిత్తన్నావు? పెట్టమని సెప్పు.”

“పెట్టీయండి మేడమ్,” అన్నాడాయన. “బేగి పెట్టీయండి.”

తిరిగొచ్చి పని మొదలుపెట్టాం. కెరటాలనూ ఇంజన్ చప్పుడునూ పీకేశాం. ముందు పేజీ మొత్తం అక్షరాలే. పేజీ పేరులోనే బోటు పేరు, నంబరు, తప్పిపోయింది అన్న మాట, విశాఖపట్నం. బోటు రంగు, పట్టీ, చివరగా ఎక్కడ ఉందన్నది, అయిదుగురి ఫొటో, వాళ్ల పేర్లు. అమ్మవారి పేరును మనం ఇంగ్లీషులో రాసినట్టు ఒరిస్సావాళ్లు రాయరు, బెంగాలీలు అసలు రాయరు. ప్రోగ్రామర్ నోటితో రకరకాలుగా పలికి చూసి, ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ పేజీలో పెట్టించాడు. మా యజమాని తెల్లక్షరాల ఉపాయం ఈసారి మాకు అక్కర్లేకపోయింది. అన్నీ కనపడేలా నల్లటి అక్షరాల్లోనే రాశాం.

ఫోన్ నంబర్లు రెండు ఇచ్చాం. షాపుది ఒకటి. షాపాయనకు ఇంగ్లీషూ హిందీ అంతగా రావు గనుక మా ఆఫీసుది ఇంకొకటి. అలా ఆ ఫోను నా పాల పడింది.

పేజీ పెట్టగానే సెర్చ్‌లో రాదు. సెర్చ్ ఇంజన్ దానంతటది వచ్చి చదువుకోవాలి. వేరే పేజీల నుంచి దారి ఉంటే త్వరగా వస్తుంది. అందుకని అంతకుముందు మేం సైట్లు చేసిపెట్టిన వాళ్లందరికీ ఫోన్లు చేశాను. మీ పేజీలో ఒక చిన్న లైను పెట్టనివ్వండి, ఈ బోటు పేజీకి దారి అని బతిమాలాను. కంచరపాలెం లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆయన సరేనన్నాడు. ఓడలకు కూరగాయలూ బియ్యమూ సరఫరా చేసే సంస్థవాళ్లు ఒప్పుకున్నారు. తగరపువలసలో ఎండుచేపల వ్యాపారి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఒప్పుకుని, తనకు సరుకు తెచ్చే ఒరిస్సా వాళ్లకు కూడా చెప్తానన్నాడు. ఒక పెళ్లి మంటపం ఆయన మాత్రం అశుభం అని ఫోన్ పెట్టేశాడు. ఆయన్నూ తప్పుపట్టలేను.

తరువాత చేయడానికి ఏమీ లేదు. రోజూ ఆఫీసుకు రాగానే బోటు పేరు టైపు చేసేదాన్ని. అమ్మవారి గుళ్లు వచ్చేవి, అదే పేరున్న చీరల దుకాణం వచ్చేది. మా పేజీ లేదు. సముద్రంలో బోటు జాడ లేనట్టే ఇందులో మా పేజీ జాడా లేదు. ఒక ఉదయం మూడో పేజీలో కనిపించింది. రెండు రోజులు పోయాక మొదటి పేజీకి వచ్చింది. ఆ పని చేసినన్నాళ్లూ ఎందరి పేజీలనో పైకి తెచ్చాను, స్వీట్లు పంచాం, చేతులు కలుపుకున్నాం. ఆ ఉదయం మాత్రం ముగ్గురం తెర ముందు నిలబడి బిగుసుకుపోయాం. ఇక నుంచి ఎవరైనా ఫోన్ చేయొచ్చు. ఏమని చేస్తారో తెలియదు.

ఫోన్లు రానే వచ్చాయి. ఒకడు ఇంజన్ రేటు అడిగాడు. ఒకడు జాతకం చూసి చెప్తానన్నాడు. ఒకడు ఏమీ మాట్లాడకుండా నవ్వి పెట్టేశాడు. ఎక్కడో తీరానికి శవాలు కొట్టుకొచ్చాయని ఒకాయన మర్యాదగా, నెమ్మదిగా చెప్పాడు. గుర్తులు అడిగితే అవి మనవాళ్లవి కావు. ఆ రోజు నుంచి ఫోనంటేనే భయమేసేది. మోగిన ప్రతిసారీ ఇంకెవరైనా ఎత్తితే బాగుండుననిపించేది. షాపాయన అక్క రోజూ మా ఆఫీసుకు వచ్చి, కస్టమర్ల బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఆవిడ ముందు ఎత్తకుండా ఎలా ఉంటాను?

ఆవిడ రావడం ఆలస్యమైన ఒక ఉదయం ఈమెయిల్ వచ్చింది. ఒరిస్సా తీరంలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఒకాయన రాశాడు. వాళ్ల ఊరి ట్రాలర్ ఒకటి సముద్రంలో తేలుతున్న బోటును కట్టి లాక్కొచ్చిందనీ, దాని పేరు కొట్టి చూస్తే మా పేజీ వచ్చిందనీ రాశాడు. బోటులో మనుషులు లేరనీ, ఫొటో జతచేస్తున్నాననీ చివర రాశాడు.

అప్పటి లైను మీద ఫొటో ఒక్కసారిగా తెరుచుకునేది కాదు. పైనుంచి కిందికి వరస వరసగా దిగేది. మొదట మబ్బు పట్టిన ఆకాశం వచ్చింది. తరువాత కర్ర, దాని మీద చిరిగిన గుడ్డ. తరువాత క్యాబిన్ కప్పు. నీలిరంగు ఇంకేదైనా బోటుదీ కావచ్చు కదా అనుకున్నాను. అమ్మవారి పేరు దిగింది. అదే పేరు ఎన్నింటికి లేదు అనుకున్నాను. పసుపు పట్టీ దిగింది. ఆ కింద నంబరు ఒక్కో అంకే దిగుతుంటే ప్రోగ్రామర్ కుర్చీ అటు తిప్పేసుకున్నాడు. చివరగా బోటులో మనుషులు నిలబడే చోటు వచ్చింది. ఖాళీ. వలల ముద్ద ఒకటి పడి ఉంది.

యజమాని ఎప్పుడొచ్చాడో నా వెనకాల నిలబడి ఉన్నాడు. నేను ఫోన్ వైపు చేయి చాపబోతే ఆపాడు. “నేను చెప్తాను, మీరు కూర్చోండి” అన్నాడు. షాపుకు ఆయనే ఫోన్ చేశాడు. జీవితమంతా లేనిది ఉన్నట్టు చెప్పి బతికిన ఆ మనిషి, ఆ రోజు ఉన్నదున్నట్టు నాలుగు ముక్కల్లో చెప్పాడు.

అక్కాతమ్ముళ్లు ఇద్దరూ వచ్చారు. తమ్ముడు తెర వైపు ఒక్కసారి చూసి గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆవిడ దగ్గరగా వచ్చి చాలాసేపు చూసింది. పెద్దది చేయమంటే చేశాను. ఇంకా పెద్దది చేయమంది. రంగుల గళ్లు తప్ప ఏమీ కనపడనంత పెద్దదయ్యాక ఆపమంది.

“మడుసులు నేరు, అంతే గదా,” అంది. “శవాలు కనపడితే అప్పుడు సూసుకుందాం.”

షాపాయన అదేరోజు రైలెక్కి బోటు చూడటానికి వెళ్లాడు. ఆవిడ మాత్రం మామూలుగానే మా బెంచీ మీద కూర్చునేది. పేజీలో “బోటు దొరికింది, మనుషులు దొరకలేదు” అని మార్చాను. ఆ మాటలు టైపు చేస్తూ ఎన్నోసార్లు తప్పు కొట్టాను.

అసలైన రోజు ఆ తరువాతే వచ్చింది. మబ్బు పట్టిన పగలు, కరెంటు పోయి వస్తోంది. ఫోన్ మోగింది. దూరం నుంచి వచ్చే కాల్ కనుక ముందు హోరు, తరువాత ఇంగ్లీషులో ఒక మగగొంతు. సముద్రానికి అవతల ఒడ్డున ఒక రేవులో ఓడల ఏజెంటునని చెప్పాడు. ఒక సరుకు ఓడ దారిలో కొందరిని ఎక్కించుకుందట. వాళ్ల దగ్గర ఏ కాగితమూ లేదు, ఒకరికి హిందీ ముక్కలు వచ్చు. వాళ్లు చెప్పిన బోటు పేరు తనకు తోచినట్టు రాసి వెతికితే మా పేజీ వచ్చిందన్నాడు. ఫొటోలో ఉన్నవాళ్లనే తన ముందు చూస్తున్నానన్నాడు.

ఆవిడ బెంచీ మీద నుంచి లేచింది. నా ముఖంలో ఏం కనిపించిందో, రెండు చేతులతో నా బల్ల అంచు పట్టుకుంది. ఆయన పేర్లు చదువుతానన్నాడు, మీవాళ్లో కాదో చెప్పమన్నాడు. మన పేర్లు ఆయన నోట్లో నలిగిపోతున్నాయి. ఒకటి చదివాడు. నేను దాన్ని సరిచేసి గట్టిగా పలికాను. ఆవిడ తలూపింది. “మా ఈధోడే,” అంది. రెండోది పలికాను. మూడోది పలికాను. పక్కన ప్రోగ్రామర్ ఏడుస్తున్నాడని తెలుస్తోంది. నాలుగోది పలికాను. ఆవిడ కళ్లు నా పెదవుల మీదే ఉన్నాయి.

ఫోన్‌లో హోరు తప్ప ఇంకేమీ రాలేదు. తరువాత అని అడిగాను. నలుగురే మేడమ్ అన్నాడు.

“ఇంకోటి సెప్పండమ్మా,” అందావిడ.

ఓడ తాడునిచ్చెన దించిందట. నలుగురు ఎక్కారు. బోటు ఓడకు కొట్టుకోకుండా చూసుకుంటూ డ్రైవరు, అంటే ఆవిడ భర్త, చివరిదాకా కిందే ఉన్నాడట. ఒక పెద్ద కెరటం బోటును విసిరేసింది. ఓడ తిరిగొచ్చి చీకటిపడేదాకా వెతికిందట. ఆయన చెప్పిందంతా నేను తెలుగులో చెప్పాను. ఏ మాటలతో చెప్పానో నాకు గుర్తులేదు. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది.

“ములిగిపోడం ఎవులైనా సూసినారా? అడగండమ్మా.”

అడిగాను. ఆయన ఫోన్ పక్కన పెట్టి ఎవరితోనో మాట్లాడాడు. నాకు ఆ కాసేపు ఏ జవాబు రావాలని కోరుకోవాలో తెలియలేదు. చూశామంటే ఆవిడ అక్కడే కూలిపోతుంది. చూడలేదంటే ఆవిడ ఎప్పటికీ ఎదురుచూస్తుంది.

ఎవరూ చూడలేదట అని చెప్పాను. ఆవిడ చేతులు బల్ల మీద నుంచి తీసి, చెంగు సర్దుకుని, వెళ్లి మళ్లీ బెంచీ మీద కూర్చుంది.

నలుగురూ కొన్నాళ్లకు ఇల్లు చేరారు. షాపాయన ఒరిస్సా నుంచి వచ్చాడు. ఇంజన్ తన చేత్తో విప్పి చూశాననీ, డీజిల్‌లో నీళ్లు కలిశాయనీ, బిగింపులో దోషం కాదనీ చెప్పాడు. అడిగినవాళ్లకూ చెప్పాడు, అడగనివాళ్లకూ చెప్పాడు. నేను నమ్మాను. ఇంజన్ల గురించి నాకు తెలిసింది తక్కువ, ఆయన గురించి కొంచెం ఎక్కువ తెలుసు. హార్బర్‌లో మాత్రం అందరూ నమ్మలేదు. మా యజమాని భయపడినట్టే జరిగింది. ఎవరు ఇంజన్ కోసం వెతికినా షాపు పేరుతోపాటు ఆ పేజీయే వచ్చేది. కొత్తవాళ్లు ఫోన్ చేయడం మానేశారు.

కొన్ని నెలలకు షాపాయన మా ఆఫీసుకు వచ్చాడు. నలుగురూ వచ్చేశారు కదా, ఇంక ఆ పేజీతో పనేముంది, తీసీమని అడగడానికి వచ్చినాను అన్నాడు. నా వెనక ఉన్న ఫ్యాను వైపు చూస్తూ అన్నాడు. తీసేయడం నిమిషాల్లో పని. నేను మౌస్ మీద చేయి వేసి, మీ అక్కకు చెప్పారా అని అడిగాను. ఆయన లేచి నిలబడ్డాడు. మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

వారం పోయాక వచ్చాడు.

“ఉండనీయండి మేడమ్. ఎవులూ సూడనేదు గదా అంటంది.”

మా యజమాని పైసా తీసుకోకుండా ఆయనకు వేరే పేరుతో ఇంకో సైట్ చేసిపెడతానన్నాడు. షాపాయన వద్దన్నాడు. ఒకే షాపుకు రెండు పేర్లయితే తనేదో దాస్తున్నట్టు ఉంటుందన్నాడు. బోటు ఇంజన్ల పని తగ్గి, దుకాణాల జనరేటర్లు రిపేరు చేయడం మొదలుపెట్టాడు. అలా నెట్టుకొచ్చాడు. దీనివల్ల ఎంత పోగొట్టుకున్నాడో అక్కకు ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడకు తెలియదని నేననుకోను.

ఏళ్లు గడిచాయి. ఆవిడ ఒకరోజు కొత్త సెల్‌ఫోన్ పట్టుకుని వచ్చి, పేజీలో మీ నంబరు, షాపు నంబరు తీసేసి నాది పెట్టండి అంది. ఇంకో ఓడ ఎక్కించుకుని ఉంటే, ఎక్కడో దూరదేశంలో దింపేసి ఉంటే, ఆ మనిషి తననే అడుగుతాడు కదా అంది. పెట్టాను. పెడుతున్నప్పుడు నాకు ఒక పాడు ఊరట కలిగింది. ఇక ఆ ఫోన్ నేను ఎత్తక్కర్లేదు.

అప్పుడు మేం అనుకోనిది జరిగింది. పాత పేజీ, ఎందరో దారులు వేసిన పేజీ, ఎన్నాళ్లయినా మాయం కాని పేజీ అంటే సెర్చ్ ఇంజన్‌కు గురి. ఎవరు ఎక్కణ్ణుంచి బోటు తప్పిపోయింది అని వెతికినా ఈ పేజీ పైకి రావడం మొదలైంది. ఆవిడకు ఫోన్లు రాసాగాయి. శ్రీకాకుళం తీరం నుంచి, కాకినాడ నుంచి, మచిలీపట్నం నుంచి, గంజాం దగ్గర స్థిరపడ్డ మన తెలుగువాళ్ల నుంచి. వాళ్లెవరూ ఆవిడ భర్త గురించి చెప్పడానికి చేయలేదు. తమ బోటు రాలేదని, ఏం చేయాలో తెలియక చేశారు.

తెలిశాక నేను భయపడిపోయాను. మోగిన ప్రతిసారీ ఆవిడ ఏమనుకుని ఎత్తుతుందో నాకు తెలుసు. నంబరు తీసేస్తానని పరుగెత్తుకెళ్లి చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు.

నేను ఉద్యోగం మానేశాక ఒక మధ్యాహ్నం ఆవిడ ఇంటికి వెళ్లాను. చేపలు కడుగుతోంది. అరుగు మీద ఫోన్ మోగింది. ఆవిడ చేతులు చెంగుకు తుడుచుకుంటూ వచ్చింది. అప్పుడు ఆవిడ ముఖం చూశాను. ఆఫీసులో నా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, ఇన్నేళ్లకూ ఒక్క వెంట్రుకవాసి తగ్గలేదు. ఫోన్ చెవికి పెట్టుకుంది. అవతల ఎవరో ఆడగొంతు. ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచింది. తరువాత, ఎదురుగా ఉన్న మనిషిని కూర్చోబెడుతున్నట్టు, నెమ్మదిగా అంది.

“ఏడవకమ్మా. నాను ఇంటన్నాను. ఏ ఊరు మీది? బోటు పేరేటి, సెప్పు.”